తమ్ముడి జీపులో ప్లగ్గు

"బావా, జీపు స్టార్ట్ అవట్లేదు. స్పార్క్ ప్లగ్గు పోనాది," అన్నాడు అమ్మన్న ఫోన్‌లో.

సన్యాసిరావుకి ఒళ్లు మండిపోయింది. అమ్మన్నది డీజిల్ జీపు. స్పార్క్ ప్లగ్గుతో నిప్పురవ్వ పుట్టాల్సింది పెట్రోలు బండికి. డీజిల్ ఇంజన్‌లో నొక్కుడుకి గాలే వేడెక్కి ఇంధనాన్ని అంటిస్తుంది. దానికసలు ఆ ప్లగ్గే ఉండదు. రైల్వేలో ముప్పై ఏళ్లు డీజిల్ ఫిట్టర్‌గా చేసిన బావకా వీడు చెబుతున్నది!

గట్టిగా నాలుగు దులిపేద్దామనుకున్నాడు. కానీ పక్కనే మంచం మీద పెళ్లాం చిన్నతల్లి గుండె పట్టుకుని చెమటలు కక్కుతోంది. కన్నకొడుకులా పెంచుకున్న తమ్ముడు ఈ వేళప్పుడు బొంకాడని తెలిస్తే ఆ గుండె ఇక్కడే ఆగిపోతుంది.

"అచ్ఛా, సరేలే," అని ఫోన్ పెట్టేశాడు.

"తమ్ముడు వస్తన్నాడేటి?" అంది చిన్నతల్లి.

"ఆడి జీపులో స్పార్క్ ప్లగ్గు పోనాదట. పాపం, ఒకటే ఏడుస్తన్నాడు."

ఆమె ఒక్క క్షణం మొగుడి మొహంలోకి చూసింది. "పోనీలెండి. ఆటో పిలవండి."

ఆటో దొరకడానికే చాలాసేపు పట్టింది. దారంతా చిన్నతల్లి కళ్లు మూసుకునే ఉంది. తమ్ముడి ఊసు మళ్లీ ఎత్తలేదు.

"అరగంట ముందు తెచ్చి ఉంటే బాగుండేది. గుండె బాగా దెబ్బతింది," అన్నాడు డాక్టరు.

సాయంత్రం అమ్మన్న యాపిల్ పళ్లు పట్టుకుని వచ్చాడు. అక్క చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు.

"ఏటి సేస్తానక్కా, ఆ ప్లగ్గు కొంప ముంచీసింది. ఇప్పుడే కొత్తది ఏయించినాను. ఇకమీద నువ్వొక్క ఫోన్ కొట్టు, సిటికెలో వచ్చీస్తాను."

వాడి చెంప పగలగొట్టాలనిపించింది సన్యాసిరావుకి. పెళ్లాం మొహం చూసి కోపం దిగమింగుకున్నాడు.

"నిజమేరా. ప్లగ్గులు సెప్పి పోతాయేటి?" అన్నాడు.

చిన్నతల్లి తమ్ముడి చేతిలోంచి మెల్లగా చెయ్యి లాక్కుంది. మొగుడి వైపు తిరిగింది.

"ముప్పై ఏళ్లు మీ డీజిల్ కబుర్లు నంజుకునే అన్నం తిన్నాను. ఆడంటే తెలీక ప్లగ్గన్నాడు. మీరైనా నాకు ఇంకో అబద్ధం సెప్పాల్సింది."