తాత నోటుపుస్తకంలో కెమిస్ట్రీ

“పేజీ తిప్పు పాపా,” అని గుర్తుచేసింది అవ్వ అమ్మాయమ్మ.

అభినయ గబుక్కున పేజీ తిప్పింది. చదువుతున్నట్టు నటించేటప్పుడు ఇట్లాంటివే మరిచిపోతాం.

తాత రంగరాజన్ పోయి ఇరవై రోజులైంది. ఆయన బట్టల కింద దాచిన నోటుపుస్తకాన్ని అవ్వ తెచ్చి మనవరాలి ఒళ్ళో పెట్టి, రోజూ మధ్యాహ్నం కాస్త చదివి వినిపించమంది. అంతా తెలుగులో ఉంది. తమిళం నడిచే ముత్తియాల్‌పేటలోని ఆ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, రాసేది మాత్రం తమిళంలో. అభినయకు తెలుగు ఒక్క అక్షరం రాదు. తాతకు ఎట్లా వచ్చిందో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

రాదని మొదటి రోజే చెప్పేసేదే. కానీ అవ్వ తలుపు వైపు చూస్తూ, మెల్లిగా ఒక్కమాట అడిగింది.

“నా గురించి ఏందైనా రాసినాడేమో చూడు.”

ఆ మాట వెనక తొమ్మిదేళ్ళ గాయం ఉంది. రంగరాజన్ కాలేజీ ల్యాబులో అటెండరుగా చేశాడు. సైన్సు మాటల్ని జనం ఇష్టమొచ్చినట్టు వాడితే ఆయనకు ఒళ్ళు మండేది. కొత్త కోడలితో వేవ్‌లెంగ్త్ కుదరలేదని పక్కింటావిడ అంటే, ఎన్ని మీటర్లు తేడా వచ్చిందని నిలదీశాడు. ఆయన షష్టిపూర్తి నాడు మూలకుళం నుంచి వచ్చిన చుట్టాలెవరో, మీ ఇద్దరి కెమిస్ట్రీ భలే ఉంటుందన్నారు.

“మా మధ్య అట్లాంటిదేమీ లేదు,” అన్నాడు, పందిరంతా వినేట్టు.

సైన్సు పాఠం చెప్పాననుకున్నాడేమో, మొండి మనిషి. అమ్మాయమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. ఆయన ఆ మాటను చివరిదాకా వెనక్కి తీసుకోనూ లేదు.

నోటుపుస్తకంలో అభినయకు తెలిసేవి అంకెలూ, గడులూ, అయస్కాంతం బొమ్మలూ. ల్యాబులో తీసిన రీడింగులేనని చూస్తేనే తెలుస్తోంది. అయినా రోజుకో అబద్ధం అల్లింది. అమ్మాయమ్మ పుట్టింటికి పోతే నా బ్యాటరీ డౌన్ అయిపోతుందని ఒకరోజు, ఆమె మాగ్నెట్టయితే నేను ఇనపముక్కనని మరో రోజు చదివింది. తాత బతికుంటే ఆ మాటలకు తల బాదుకునేవాడు. కానీ ప్రేమ గురించి చెప్పాలంటే ఆ పిల్లకు అంతకంటే వేరే మాటలు రావు. విన్నప్పుడల్లా అవ్వ కొంగుతో కళ్ళొత్తుకునేది. ఆ రాత్రి ఒక ముద్ద ఎక్కువ తినేది.

ఇవాళ చివరి పేజీ. జాలర్లుండే వైతికుప్పం వైపు నుంచి ఎండుచేపల వాసనతో గాలి వస్తోంది. అభినయ గొంతు సవరించుకుంది.

“ఆ రోజు పందిట్లో నేనన్నది తప్పు. మా ఇద్దరికీ ఉన్న కెమిస్ట్రీ ఇంకెవరికీ లేదు.”

అమ్మాయమ్మ పుస్తకం మీదికి వంగింది.

“యాడ రాసినాడు?”

అభినయ ఏదో ఒక వరస మీద వేలు పెట్టింది. అవ్వ పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని ఆ వరసను మొదటి నుంచి చివరిదాకా వేలితో తడిమింది. కన్నీళ్ళు కాగితం మీద పడ్డాయి.

“బాగా చదివినావు పాపా. రేపు మళ్ళీ మొదట్నుంచి చదువు.”

అవ్వ నమ్మిందన్న సంతోషంతో, మోసం చేశానన్న బాధతో అభినయ కాఫీ కలపడానికి లోపలికి పోయింది. అమ్మాయమ్మ పుస్తకాన్ని మూసి, గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

రంగరాజన్‌కు తెలుగు అక్షరాలు నేర్పింది ఆమే.