ఎల్లమాస ముద్ద

"ఒక్కలన్న రాలేదు," అంది పుష్పమ్మ, కాయగూరలన్నీ కలిపి వండిన భజ్జికూర గిన్నె మీద మూత మళ్లీ సర్దుతూ.

"వస్తరు. ఇంకింత సేపు సూద్దాం," అన్నాడు ఆమె మొగుడు సంగమేశ్వర్.

పొద్దు నడినెత్తి దాటిపోయింది. ఎగువ చేలల్లో జనం తింటున్నారు, నవ్వుతున్నారు, పిల్లలు కేకలు పెడుతున్నారు. వాగు పక్కన పల్లంలో ఉన్న వీళ్ల జొన్నచేనులో మాత్రం పిచ్చుకలు తప్ప మరో ప్రాణి లేదు.

ఎల్లమాస అంటే భూమికి దండం పెట్టుకునే పండుగ. ఎవరి చేనులో వాళ్లు మొక్కి, చుట్టాలనూ స్నేహితులనూ పిలిచి సజ్జరొట్టెలు, భజ్జికూర పెడతారు. ముందు బయటివాళ్లు ఒక్కరైనా తిని, భూమిని ముట్టి, పైయేటికి, అంటే వచ్చే ఏడాదికి, మళ్లీ ఈ చేనులోనే తింటామనాలి. ఆ తర్వాతే ఇంటివాళ్లు ముద్ద ముట్టాలి. ఎవరూ తినని చేనుగలవాడంటే ఆ ఊరికి అక్కర్లేనివాడనే లెక్క.

సంగమేశ్వర్ గుబులంతా అదే. హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి ఇటుకలు మోసి, ఇక చాలనుకుని, అక్కడి గుడిసె విప్పేసి నిన్ననే ఇద్దరూ నారాయణఖేడ్‌లో బస్సు దిగారు. పుష్పమ్మకు అయిదో నెల. బిడ్డ సొంత ఊళ్లోనే పుట్టాలని ఇద్దరి పంతం. తీరా వస్తే ఊరు ముఖం చాటేసింది.

"అన్న సుత రాకపాయె," అన్నాడతను. "నాయిన పోయినంక నన్ను బుజాల మీద మోసినోడు. పొద్దుగాల పిలుస్తె తలకాయ వంచుకొని గొడ్లకాడికి పోయిండు. ఇన్నేండ్లు గీ చేను ఆయననే దున్నుకున్నడు. ఇగ మనమొచ్చినమని బాధ."

"గట్లనకు. దేవప్ప బావ గసొంటోడు కాదు. మన లగ్గంల సొంతబిడ్డకు పెట్టినట్టు నాకు చీర పెట్టిండు. ఆయన ఇంటామె బసమ్మక్క పొద్దుగాల పిండి ఇచ్చింది, నెయ్యి ఇచ్చింది."

"మరి రమ్మంటె ఏమన్నది?"

"కొంగు నోట్ల కుక్కుకొని లోపలికి పోయింది."

వాగు దాటి ముసలి హన్మమ్మ వస్తోంది. పుష్పమ్మ పరుగున వెళ్లి చేయి పట్టుకుంది.

"అవ్వా, జర్రంత తిని పో. నీకు పుణ్యముంటది."

హన్మమ్మ ఆమె బుగ్గలు నిమిరింది, కడుపు మీద చేయి వేసింది, కళ్లు తుడుచుకుంది. ఏమీ తినకుండా వెళ్లిపోయింది.

సంగమేశ్వర్ గట్టు మీద కూలబడ్డాడు. "చూసినవా? ముసలామె సుత మన ముద్ద ముడ్తలేదు. నా దోస్తు బీరప్ప సంగతి చెప్పు! వాళ్లమ్మను పట్నం దవాఖానల ఏసినప్పుడు ఎన్ని దినాలు మన గుడిసెల పడుకోలె? నువ్వు పస్తుండి వానికి పెట్టినవ్."

"పెట్టింది యాది చేసుకుంటరా?"

"నేను చేసుకోను. వాడు మరువకుంటె సాలు."

అంతలోనే గట్టు చివర బీరప్ప కనిపించాడు. వీళ్లను చూడగానే చటుక్కున జొన్నల్లోకి దూరాడు. కానీ తలకు చుట్టిన ఎర్ర రుమాలు దాగితేనా! సంగమేశ్వర్ ఒక్క పరుగున పోయి రెక్క పట్టుకున్నాడు.

"ఏందిర, నన్ను చూసి దాక్కుంటున్నవ్? దొంగనా నేను?"

"ఇడువు సంగూ. జల్దీ పోవాలె, పనుంది."

"పండుగనాడు ఏం పని? రా, తిను."

"కడుపునిండ తిన్న."

"అబద్ధం! పెదవులు ఎండిపోయినయ్. అంబలి చుక్కన్న తాగలే నువ్వు."

బీరప్ప రెక్క విడిపించుకోబోయాడు. సంగమేశ్వర్‌కు కోపం నషాళానికి ఎక్కింది.

"విశ్వాసం లేదురా మీకు! అన్నకు లేదు, నీకు లేదు, గీ ఊరికే లేదు!" అని అరిచాడు. పట్టుకున్న రెక్క వదిలేసి స్నేహితుడి కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు. "ఏం తప్పు చేసినమో చెప్పు. దండుగ కట్టమంటె కడ్త. మల్ల పట్నం మాత్రం పొమ్మనకుండ్రి. గాడ మాకెవ్వలు లేరు."

పుష్పమ్మ రొట్టె ముక్కలో కూర పెట్టుకుని వచ్చింది.

"బీరప్పన్నా, నన్ను చెల్లె అని పిలిచినవ్. ఒక్క ముద్ద తిను. తిని, అందరు అన్నట్టే భూమిని ముట్టి, 'పైయేటికి మల్ల గీ చేన్లనే తింట' అను. ఇంకేం అడుగ నిన్ను. గా మాట ఇంటె నా బిడ్డకు ఊరు దొరికినట్టే."

బీరప్ప ముద్ద అందుకున్నాడు. నోటిదాకా తెచ్చాడు. వంగి రెండో చేత్తో భూమిని ముట్టాడు. అంతే, కాలినట్టు చేయి వెనక్కి లాక్కున్నాడు. ముద్దను తిరిగి ఆమె చేతిలో పెట్టి, చిన్నపిల్లవాడిలా భోరుమన్నాడు.

"గంత అబద్ధం భూమితోని ఎట్ల చెప్పాలె చెల్లె? మీకు చెప్ప దేవప్పకు నోరు రాలె, ఊర్ల ఒక్కలకన్న రాలె. మీరు పట్నంల ఉన్నప్పుడు సర్కారోళ్లు డప్పు కొట్టించి పోయిండ్రు. వాగుకు కట్ట ఏస్తరంట... పైయేటికి గీ చేను నీళ్ల కింద ఉంటది."