సీమ ఈత చెట్టు

చలి ముదిరిన ఒక పొద్దున, నర్సింహులపేట పక్క ఊళ్లో సంఘం జనం గడి తలుపులు పగలగొట్టి దొరను వాకిట్లో కట్టేశారు. పగిలిన మూతి నుంచి నెత్తురు కారుతోంది.

తోటలో వెట్టి చేసే మొండయ్య చేతికి దళం నాయకుడు దుర్గయ్య గొడ్డలి ఇచ్చాడు.

"దొర పరాయి దేశంకెల్లి తెప్పిచ్చి అందానికి పెంచుకున్న సీమ ఈత గిదేనా, మొండన్నా? నరుకు."

"నరుకుడెందుకు? పైన కప్పిన గొంగడి తీసేస్త. చలికి అదే సస్తది, నా బిడ్డ సచ్చినట్టు."

పోయిన చలికాలం దొర హుకుంతో అతను ఈ చెట్టుకు వెచ్చదనం కోసం పక్కన నెగడు వేసి రాత్రంతా కాపలా ఉంటే, గుడిసెలో కప్పుకోను గుడ్డ లేక కూతురు చనిపోయింది.

దొర నవ్వాడు. "మంచు కొండల్ల పెరిగే చెట్టురా అది. చలికి దానికేం గాదు."

"మరి నాలుగేండ్లు నాతోని గొంగడెందుకు కప్పించినవ్, దొరా?"

"చెప్పింది చేస్తవో లేదో చూద్దామని."

మొండయ్య చెట్టును వదిలి దొర వైపు నడిచాడు. దుర్గయ్య అడ్డం వచ్చాడు.

"పాణం తియ్యొద్దన్నది సంఘం మాట, అన్నా."

"సంఘానికి నేను జవాబు చెప్త. జర జరుగు, తమ్మీ."

దుర్గయ్య జరిగాడు.

మొదటి దెబ్బ దొర భుజం మీద పడింది. రెండో దెబ్బకు ముందు మొండయ్య వంగి, తన బిడ్డ పేరు దొర చెవిలో చెప్పాడు.