గుండెదడకు గింజలెవరిస్తారు?

గాలివానకు గూడు కొట్టుకుపోయినప్పటి నుంచి గిజిగాడికి గుండెదడ పట్టుకుంది. చిటారు కొమ్మన గడ్డిపోచ పెట్టబోతే చాలు, పోచ వదిలేసి కిందికి వచ్చేసేవాడు. వైద్యం చేసే తాబేలమ్మ, "రోజూ వచ్చి నా దగ్గర కూర్చుని నీ భయం చెప్పుకో, తగ్గుతుంది. రోజుకు గుప్పెడు గింజలు," అంది. గూడే కట్టలేనివాడు గింజలెక్కణ్నుంచి తెస్తాడు?

అడవిలో అందరూ కలిసి నింపిన గాదె ఒకటుంది. దెబ్బ తగిలినవాళ్ల వైద్యానికి అందులోంచే ఇవ్వాలని చట్టం. గిజిగాడు వెళ్లి అడిగితే, గాదె కాసే ఉడుత తోక ఝాడించింది. "ఏదీ, రక్తం చూపించు! రక్తం లేకపోతే గింజ లేదు."

గిజిగాడికి ఒళ్లు మండింది. నేరుగా అడవినేలే గజరాజు ముందు వాలాడు. "అయ్యా, చిన్నప్పుడు తమరు గుంటలో పడ్డారట. ఒంటిమీద గీత కూడా లేదు. మరి ఇప్పటికీ ఆ దారి ఎందుకు తొక్కరు?"

గజరాజు చెవులు ఆడించడం ఆపేశాడు. ఆపైన తొండమెత్తి అడవి దద్దరిల్లేలా నవ్వాడు. "రక్తం రాకపోయినా దెబ్బ దెబ్బే! ఇకమీదట దానికీ గాదెదే ఖర్చు."

మర్నాడు గిజిగాడు హుషారుగా తాబేలమ్మ దగ్గరికి వెళ్తే, వరసలో గజరాజు నిలబడి ఉన్నాడు. ఆయనకన్నా ముందు ఉడుత.

"గాదె ఖాళీ అయిపోతుందేమోనని," అంటోంది ఉడుత, "ఏళ్లుగా కంటిమీద కునుకు లేదు తల్లీ!"