నవంబరు ఆట

నెబ్రాస్కాలోని ఆ చిన్న కాలేజీలో చలికి ముందు అమెరికన్ ఫుట్‌బాలూ, వసంతంలో బేస్‌బాలూ, రెండూ నేర్పేది ఆర్విల్ హాస్కినే. జట్టు వరసగా ఓడిపోతూ వచ్చాక కాలేజీ అధ్యక్షుడు మొహమాటం లేకుండా చెప్పేశాడు. "ఇవాళా ఓడితే వసంతానికి ఇంకొకర్ని చూసుకుంటాం."

ఆనాటి ఫుట్‌బాల్ ఆట ముగింపుకొచ్చింది. బంతి ఇంకొక్కసారి గీత దాటితే గెలుపే. బంతి చంకన పెట్టుకుని పరుగు తీస్తే డెల్ ప్రూయిట్‌ను పట్టగలిగేవాడు లేడు. కానీ ఇందాక ఇద్దరు మీదపడి పడేసినప్పుడు డెల్ తల నేలకు గట్టిగా కొట్టుకుంది. అప్పటినుంచీ బెంచీ మీదే ఉన్నాడు.

హాస్కిన్ అతని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఎలా ఉందిరా?"

"బానే ఉంది కోచ్. నన్ను పంపండి."

"తల తిరగట్లేదుగా?"

"లేదన్నానుగా. మిమ్మల్ని తీసేస్తారంట కదా. నేనుండగా ఎలా తీసేస్తారో చూద్దాం. పంపండి."

ఈ వయసులో హాస్కిన్‌కు ఇంకెవరూ పని ఇవ్వరు. వెనక జనం డెల్ పేరే అరుస్తున్నారు. అతను కుర్రాడి తలకు తోలు టోపీ పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించాడు.

"వెళ్లు."

డెల్ రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి, వంగి బెంచీ కింద వెతకసాగాడు.

"ఏం కావాలిరా?"

"నా బ్యాటు కోచ్. ఇక్కడే పెట్టాను."

హాస్కిన్ ఆ పట్టీ విప్పాడు. తన కోటు తీసి కుర్రాడికి కప్పి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"కూచో నాన్నా. మన వంతు ఇంకా రాలేదు."