మంచు మీద సంబంధం

శేషగిరి మళ్ళీ లేచి నిలబడ్డాడు.

“కూర్చోండి అంకుల్. జెండా లేస్తే ఇక్కణ్ణుంచే కనిపిస్తుంది,” అన్నాడు రవికాంత్.

శేషగిరి కూర్చున్నాడు. బోర్లించిన బకెట్ చల్లగా తగిలింది. మళ్ళీ లేచాడు.

2014 ఫిబ్రవరి చలికి న్యూజెర్సీలో ఆ సరస్సంతా గడ్డకట్టింది. మంచుకి కన్నాలు తొలిచి, ఒక్కోదాని మీద చేపలు పట్టే టిప్-అప్ ఒక్కోటి పెట్టాడు రవికాంత్. చేత్తో దారం లాక్కునే పాత రకం కాదు. స్టాండ్ మీద చిన్న రాడ్, రీల్‌తో సహా ఆనించి ఉంటుంది. చేప లాగితే రాడ్ కొస నీళ్ళవైపు వంగుతుంది. వెనక ఎర్ర జెండా లేస్తుంది. అప్పుడు పరుగెత్తి రాడ్ అందుకోవాలి.

ఇద్దరూ ఒకరినొకరు చూడటం ఇదే మొదలు. నాలుగు గంటల దూరంలోని తన ఊరు షాంటిలీ నుంచి తెల్లవారకముందే బయలుదేరి, ప్లెయిన్స్‌బరోలో శేషగిరిని కారెక్కించుకొచ్చాడు రవికాంత్. పెళ్ళి జరగాలో వద్దో ఇవాళ ఇక్కడే తేలాలి. ఈ ఏర్పాటంతా శేషగిరి కూతురు ఉమది.

“రెస్టారెంట్‌లో కూర్చుంటే అందరూ మంచివాళ్ళే నాన్నా. ఒక పూట ఐస్ మీద కూర్చోండి. మనిషెలాంటివాడో బయటపడుతుంది,” అంది.

జేబులో ఫోన్ మోగింది. ఉమే.

“ఏమన్నాడు నాన్నా?”

“ఇంకా ఏమీ అనలేదమ్మా. చేపలు పడుతున్నాం.” గొంతు తగ్గించి చెప్పి పెట్టేశాడు.

రవికాంత్ ఫ్లాస్క్‌లోంచి కాఫీ వంచి ఇచ్చాడు. “డ్రింక్ చేస్తారా అంకుల్?”

“కాఫీయేగా?”

“నేనడిగేది అది కాదు.”

“ఓ, అదా! పార్టీల్లో బీరు. అదీ సగం గ్లాసు. నువ్వో?”

“సగం దగ్గర ఆగను.”

రవికాంత్ నవ్వాడు. తను కూడా నవ్వాలో వద్దో శేషగిరికి తెలియలేదు.

“ఒకటి ముందే చెప్పేస్తాను అంకుల్. నాన్న పోయాక మా అమ్మ చాలా పడింది. ఆవిణ్ణి ఎవరైనా ఒక్క మాటంటే నేనూరుకోను.”

“అనరు బాబూ. మా ఇంట్లో ఆ అలవాటే లేదు.”

“స్టవ్ తుడవకపోతే మీ ఇంట్లో కర్ఫ్యూ అట కదా? ఉమ చెప్పింది.”

శేషగిరి చేతిలో కాఫీ ఒలికింది. సరిగ్గా అప్పుడే కుడివైపు జెండా లేచింది.

బతికిపోయాననుకుంటూ పరుగెత్తాడు. రాడ్ అందుకుని ఒక్క గుంజు గుంజాడు. ఉత్త గాలం పైకొచ్చింది.

“తొందరపడ్డారు,” వెనకే వచ్చిన రవికాంత్ అన్నాడు. “నెమ్మదిగా ఎత్తాలి. బరువు తగిలాక గుంజాలి. ఈ రాడ్‌తో సుఖమే అది, చేప ఉందో లేదో చేతికి తెలుస్తుంది.”

“నాకు ఓపిక తక్కువ అనుకుంటున్నావు.”

“అనుకోవడం లేదు అంకుల్. చూస్తున్నాను.”

గాలి లేచింది. శేషగిరి బకెట్ చుట్టూ తిరిగాడు. వాచీ చూసుకున్నాడు.

దూరంగా ఇంకో జెండా లేచింది.

ఈసారి ఊపిరి బిగబట్టి రాడ్ ఎత్తాడు. బరువు తగిలింది. గుంజాడు. రాడ్ విల్లులా వంగింది. రీల్ గిర్రున తిరిగింది.

“పెద్దది! కాస్త వదలండి! ఇప్పుడు తిప్పండి!” ఆయన చుట్టూ గంతులేస్తున్నాడు రవికాంత్.

అంతలో ఫట్‌మని చప్పుడైంది. పొద్దున తొలిచి వదిలేసిన కన్నం. పైన పలచగా మంచు పట్టి కనిపించలేదు. రవికాంత్ కాలు తొడ దాకా అందులోకి దిగిపోయింది.

శేషగిరి రాడ్ వదిలేశాడు. రెండంగల్లో వెళ్ళి, చంకల్లో చేతులు వేసి పైకి లాగాడు. వెనక రాడ్ జర్రున జారి, బుడుంగున నీళ్ళలోకి పోయింది. ఆయన తల తిప్పనైనా లేదు.

రవికాంత్ బూటు, తడిసిన మేజోడు లాగేశాడు. మెడలో మఫ్లర్ తీసి కాలు తుడిచాడు. తన బూటు విప్పి, ఒకదాని మీద ఒకటి వేసుకున్న రెండు మేజోళ్ళలో పైది తీసి తొడిగాడు. పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని రుద్దసాగాడు.

“అయ్యో, మీరు నా కాళ్ళు పట్టుకోవడమేంటి అంకుల్!”

“నోర్మూసుకుని వేళ్ళు కదుపు. తెలుస్తోందా?”

“చక్కిలిగిలి!”

“హమ్మయ్య.” అప్పుడు చూశాడు కన్నం వైపు. “నీ రాడ్ పోయింది బాబూ.”

“చేప కూడా.”

“పద, కారెక్కు. ఈ పెళ్ళి మాటలు ఎప్పుడైనా మాట్లాడుకోవచ్చు. నీకు ఇష్టమైతేనే.”

మళ్ళీ ఫోన్. శేషగిరి వేళ్ళు కొంకర్లుపోయి పట్టు చిక్కలేదు. రవికాంత్ ఆయన జేబులోంచి తీసి స్పీకర్ నొక్కాడు.

“నాన్నా, ఒప్పుకున్నాడా లేదా? ఇక్కడ టెన్షన్‌తో చస్తున్నాను!”

శేషగిరి చేతులు ఆగిపోయాయి.

“ముహూర్తం పెట్టించెయ్ ఉమా,” అన్నాడు రవికాంత్, “మా అమ్మకి పెళ్ళికొడుకు కుదిరాడు.”