బానెట్ అంచు

పాలిష్ మిషన్ ఆపి గుడ్డతో తుడిచేసరికి మైనం బాబుకి పైప్రాణాలు పైనే పోయాయి. బావ నీలం కారు బానెట్ అంచున, వేలెడు మేర రంగు లేచిపోయింది.

తన కారైతే ఇంత బాధ ఉండేది కాదు. బావ కారు! అందులోనూ ఆయన ఊళ్ళో లేనప్పుడు, ఆయన వద్దన్న పనే చేసి!

ఆఫీసులో కూడా అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. సెలవొస్తే చాలు, కారు కడగడం, మట్టిరేణువు మిగలకుండా తీయడం, మైనం రాసి మొహం కనబడేదాకా తుడవడం. అదీ అతని పిచ్చి. వీధిలో కార్లన్నీ అతని చేతి కింద మెరిసినవే. "మరీ ఇంతలా మెరిపిస్తే ఎలాగయ్యా, నా బండి నేనే గుర్తుపట్టలేకపోతున్నా" అని పక్కింటి డాక్టరు వేళాకోళం ఆడుతుంటాడు.

బావది మాత్రం ఒకటే మాట. "కడుక్కో, మైనం రాసుకో, నీ ఇష్టం. మిషన్ మాత్రం పెట్టకురా. పాత రంగు, తట్టుకోదు." ఈ మాట లక్షసార్లు చెప్పి ఉంటాడు.

మరెందుకు పెట్టినట్టు? రేపు అక్కాబావల పెళ్ళిరోజు. ఆఫీసు పని మీద వెళ్ళిన బావ సాయంత్రం దిగేసరికి కారు అద్దంలా ఉండాలి, ఆయన నోరెళ్ళబెట్టాలి. అదీ ఆశ. అంచుల్లో రంగు పలచగా ఉంటుందని, టేపు అంటించాకే మిషన్ తిప్పాలని ఊరందరికీ పాఠాలు చెప్పే మనిషి, ఉత్సాహంలో ఆ ఒక్క అంచుకే టేపు వేయడం మర్చిపోయాడు.

"ఏరా, ఆ కారు నీకేమైనా కబుర్లు చెబుతోందా? భోజనం చల్లారిపోతోంది!"

అక్క షెడ్డు గుమ్మంలోకే వచ్చేసింది. అతను గబుక్కున చేతిలో గుడ్డ బానెట్ మీద పరిచేశాడు.

"అదేంటి, దొంగలా ఆ మొహం?"

"ఏం లేదక్కా. ఉక్కపోత."

అబద్ధం చెప్పినందుకు సిగ్గుతో ఇంకాస్త కుంచించుకుపోయాడు. అక్క వెళ్ళాక గుడ్డ తీసి మళ్ళీ చూశాడు. మామూలుగా రంగు లేచిపోతే కింద అడుగుపూతగా వేసే బూడిదరంగు ప్రైమర్ కనిపిస్తుంది, జీవం లేకుండా. ఇక్కడ తెల్లగా ఉంది. రుద్దితే తళతళమంది కూడా. దాని సంగతి ఆలోచించే స్థితిలో అతను లేడు.

ఈ షెడ్డు వేయించింది బావ. మోకాలు వంగని తను కింద కూర్చోలేడని చక్రాల పీట తెచ్చిచ్చింది బావ. ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తన వెంట తిరిగింది బావ. కన్నకొడుకుని కూడా ఎవరూ అలా చూసుకోరు. "ఏ జన్మ రుణమోరా ఇది!" అంటుంది అక్క. అలాంటి మనిషికి తను చేసిన మర్యాద ఇదీ!

కాస్త నీలం రంగు పూసి పైన మైనం దట్టిస్తే? బావకి అసలే చూపు ఆనదు, కనిపెట్టలేడు. ఆ ఆలోచనతో డబ్బా మూత కూడా తీశాడు. కానీ చెయ్యాడలేదు. బావని మోసం చేస్తే తనకి పుట్టగతులుంటాయా? ఉన్నదున్నట్టు చెప్పేద్దాం, తిడితే పడదాం అనుకున్నాడు.

సాయంత్రం బావ టాక్సీ దిగి, సంచీతోనే నేరుగా షెడ్డులోకి వచ్చాడు.

"ఏరా మైనం, మొహం అలా వేలాడేశావేం?"

"బావా, తిట్టు, కొట్టు, నీ ఇష్టం. నువ్వొద్దన్నా మిషన్ పెట్టాను. కారు పాడుచేశాను." అంటూ గుడ్డ తీశాడు.

బావ వంగి చూశాడు. అలా చూస్తూనే ఉండిపోయాడు. సంచీ చేతిలోంచి జారిపోయింది.

మైనం బాబు గబగబా అందుకున్నాడు. "ఇంకో సంగతి బావా. కొత్తబండి అని నీకు దీన్ని అంటగట్టినవాడెవడోగానీ పచ్చి మోసగాడు! నీలం కింద తెల్ల రంగుంది, చూడు. ప్రైమర్ కాదు, కంపెనీ రంగే. తలుపు సందుల్లోకి కూడా ఎంత జాగ్రత్తగా నీలం కొట్టించాడంటే, ఇన్నేళ్ళూ నా కంటికే ఆనలేదు. వాణ్ణి ఊరికే వదలకూడదు!"

"మీ అక్క చూసిందా?"

"లేదు."

"చూపించకు." ఆ గొంతు బావది కానట్టే ఉంది. తనే గుడ్డ లాగి కప్పేశాడు. "రంగే కదరా, పోతే పోయింది. నువ్వేం బాధపడకు" అంటూనే గోడకి జారగిలబడి కింద కూలబడ్డాడు.

మైనం బాబుకి తల కొట్టేసినట్టయింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. ఎంత ప్రేమగా చూసుకున్న కారో, దాన్ని చేతులారా నాశనం చేశాడు తను!

"నన్ను క్షమించు బావా" అని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. బావ ఆ చెయ్యి విడిపించుకున్నాడు. తలెత్తలేదు. ఆయన చూపు కారు మీద లేదు, బావమరిది మోకాలి మీద ఉంది.

మైనం బాబూ అటే చూసుకున్నాడు.

ఏళ్ళ కిందట ఆ మోకాలిని నుజ్జు చేసి ఆగకుండా వెళ్ళిపోయింది ఒక తెల్ల కారు. కాసేపటికి అటుగా నడిచొచ్చి, రోడ్డు మీద పడున్న తనను ఎత్తుకుని ఆస్పత్రిలో చేర్చిన ఆ దారినపోయే దేవుణ్ణే అక్క ఏరికోరి పెళ్ళి చేసుకుంది.